పాత బండి మోసుకొచ్చేవి



ఆరాంఘర్ చౌరస్తా నుంచి చాంద్రాయణగుట్ట వైపు వెళ్లే రోడ్డులో, కాటేదాన్ ఫ్యాక్టరీల గేట్లలోంచి పొద్దున బయటికొచ్చే బండ్లను చూడండి. ఎక్కువ భాగం చిన్నవే ఉంటాయి. టాటా ఏస్, అశోక్ లేలాండ్ దోస్త్, బొలేరో పికప్, మారుతి సూపర్ క్యారీ. ఒకదాంట్లో ప్లాస్టిక్ దానా బస్తాలు, ఇంకోదాంట్లో బిస్కెట్ కార్టన్లు, మరోదాంట్లో తొట్టి దాటి వెనక్కి పొడుచుకొచ్చిన పీవీసీ పైపులు, వాటి చివర కట్టిన ఎర్ర గుడ్డ. ఇవి బేగంబజారుకో, ఉస్మాన్‌గంజ్‌కో, రాణిగంజ్‌కో పోతాయి. కొన్ని శంషాబాద్ వైపు తిరుగుతాయి. పెద్ద లారీలకు పగటిపూట సిటీలోకి అనుమతి ఉండదు. అనుమతి ఉన్నా బేగంబజారు గల్లీల్లో అవి మలుపు తిరగలేవు. కాటేదాన్ సరుకు హైదరాబాద్ కొట్లకు చేరుతున్నది ఈ చిన్న బండ్ల వల్లే.

ఈ బండ్లలో చాలావాటికి ఇప్పుడున్న ఓనరు మొదటి ఓనరు కాడు. రెండో చేయో, మూడో చేయో అయి ఉంటుంది. కాటేదాన్‌లో ఒక ప్లాస్టిక్ యూనిట్ నుంచి సరుకు పంపించే పని నేను చాలా ఏళ్లు చూశాను. లోడు ఎక్కే లోపు డ్రైవర్లు నా టేబుల్ దగ్గరికొచ్చి, "సార్, ఒక బండి చూసిన. కాగితాలు జర మీరు చూడుండ్రి" అని జేబులోంచి ఆర్‌సీ జిరాక్సు తీసేవాళ్లు. ఆ కాగితాలు చూసీ చూసీ, ఆ బండ్ల కిందికి తొంగి చూసీ చూసీ తెలిసిన సంగతులే ఈ రోజు మీతో చెబుతాను. పాత బండి రెండింటిని వెంట తెస్తుంది. ఇంతకుముందు అది మోసిన బరువు, దాని కాగితాల మీద ఉన్న పేరు. ఈ రెండూ కొన్నవాడి నెత్తిన పడకుండా చూసుకోవడమే అసలు పని.

ముందు కొంచెం వెనక్కి వెళదాం. చిన్న ట్రక్కుల తయారీతో మన ప్రాంతానికి పాత సంబంధమే ఉంది. 1980లలో జపాన్ కంపెనీలతో కలిసి మన దేశంలో తేలికపాటి ట్రక్కులు మొదలైనప్పుడు డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దాలతో పాటు మన హైదరాబాద్ ఆల్విన్ కూడా నిస్సాన్‌తో చేయి కలిపి జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ బండ్లు తయారు చేసింది. 1989లో అది మహీంద్రా చేతికి వెళ్లింది. ఇవన్నీ ఒక చిన్న డ్రైవరు సొంతానికి కొనుక్కోగలిగిన బండ్లు కావు. ఆ మార్పు తెచ్చింది 2005 మేలో వచ్చిన టాటా ఏస్. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్, 16 హార్స్ పవర్, 750 కిలోల లోడు, ధర రెండు లక్షల పాతిక వేల దగ్గర. అప్పటిదాకా ట్రాలీ ఆటో తోలిన మనిషికి నాలుగు చక్రాలు అందుబాటులోకి వచ్చాయి. చోటా హాథీ అని జనం ముద్దుగా పిలుచుకున్నారు. 2018 నాటికి ఏస్ రకం బండ్ల అమ్మకాలు 20 లక్షలు దాటాయి. 2011లో దోస్త్ వచ్చింది, 2016లో సూపర్ క్యారీ వచ్చింది. ఇన్ని బండ్లు అమ్ముడుపోయాయి కాబట్టే ఇవాళ పాతవాటి సంత ఇంత పెద్దగా ఉంది.

ఈ సంతలో కొనేది ఎవరు? పదేళ్లు ఇంకొకరి బండి తోలినవాడు. నెల జీతం మీద విసిగి, "ఎన్నాళ్లు గిట్ల, మనమే ఒకటి తీసుకుందాం" అని ఇంట్లో మాట్లాడుకున్నవాడు. భార్య మెడలోని బంగారం తాకట్టుకు పోతుంది. చిట్టీ ఎత్తుతారు. మిగిలింది ఫైనాన్సు. అంటే ఆ కుటుంబం దగ్గర ఉన్నదంతా ఆ ఒక్క బండిలో పెడుతున్నారు. అందుకే బ్రోకరు "తమ్మీ, షోరూం కండిషన్, ఒక్క రూపాయి పని లేదు" అన్న మాట విని బయానా ఇచ్చేస్తుంటే చూస్తూ ఊరుకోలేం.

బండి చూడటానికి వెళ్లినప్పుడు మనవాళ్లు ముందు క్యాబిన్ చూస్తారు. కొత్త రంగు, కొత్త సీటు కవర్లు, అద్దం మీద స్టిక్కర్లు. అవన్నీ నాలుగు రోజుల్లో చేయించగలిగినవి. మీరు నేరుగా వెనక్కి వెళ్లి, ఒక గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరండి. బండి జాతకం అక్కడే ఉంటుంది. మొదట వెనక చక్రాల దగ్గర కమాన్ పట్టీలు చూడండి. బండి ఖాళీగా ఉన్నప్పుడు ఆ పట్టీలకు వంపు స్పష్టంగా కనబడాలి. ఖాళీ బండికే పట్టీలు చదునుగా సాగిపోయి ఉన్నాయంటే, అది చాలాకాలం తన శక్తికి మించి మోసిందని అర్థం. కట్టలో ఒక పట్టీ మిగతావాటికంటే కొత్తగా, మందంగా ఉంటే, ఎవరో ఎక్కువ లోడు కోసం అదనంగా వేయించారన్నమాట. అమ్మేవాడు దాన్ని గొప్పగా చెప్పుకుంటాడు. అది గొప్ప కాదు. పట్టీ పెంచినంత మాత్రాన చాసిస్ బలం పెరగదు, బ్రేకు పెరగదు, వెనక ఇరుసు హౌసింగ్ లోపలి బేరింగు పెరగదు. పట్టీ మోయలేని బరువును అవి మోశాయి.

తర్వాత పట్టీల కొసలు చాసిస్‌కు బిగించిన చోట వేలితో తడమండి. అక్కడ వెల్డింగు గడ్డలుంటే, ఇనప ముక్క అతుకు వేసి ఉంటే, దాని మీద మాత్రమే కొత్త నల్ల రంగు కొట్టి ఉంటే ఆ బండిని వదిలేయడం మంచిది. తొట్టి నేల సొట్టలు పడిందా, క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉందా, వెనక టైర్లు లోపలి అంచున ఎక్కువ అరిగాయా అన్నవి కూడా ఇదే కథ చెబుతాయి.

కాటేదాన్ లెక్క ఒకటి చెబుతాను. దానా బస్తా 25 కిలోలు. 750 కిలోల ఏస్‌లో పట్టవలసినవి 30 బస్తాలు. అదే బండిలో 60 బస్తాలు పేర్చి, పట్టా కప్పి, తాడు బిగించి పంపిన రోజులు ఈ ఏరియాలో అందరికీ తెలుసు. అంటే టన్నున్నర. ఇనుము, ఎలక్ట్రిక్ మోటార్లు అయితే చూపుకు తొట్టి సగం కూడా నిండదు, బరువు మాత్రం దాటిపోతుంది. కాబట్టి ఈ బండి ఏ సరుకు మీద తిరిగింది అన్న ప్రశ్న, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్న ప్రశ్న కంటే ముఖ్యమైనది. బ్రెడ్డు, బిస్కెట్లు, థర్మాకోల్ మోసిన బండి లక్షన్నర కిలోమీటర్లు తిరిగినా, రాడ్లు మోసి డెబ్బై వేలు తిరిగిన బండి కంటే గట్టిగా ఉండొచ్చు. పాత ఓనరును అడగలేకపోతే అడ్డా మీద అడగండి. అక్కడ బండి నంబరు చెబితే దాని పని చెప్పేవాళ్లుంటారు.

ఇంజన్ సంగతి. ఈ చిన్న ట్రక్కుల్లో చాలావాటికి ఇంజన్ సీటు కిందే ఉంటుంది. "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందు రోజే ఫోన్‌లో చెప్పండి. వెళ్లగానే సీటు ఎత్తి ఇంజన్ మీద చేయి పెట్టండి. వేడిగా ఉంటే మీరు రాకముందే తిప్పి ఉంచారన్నమాట. చల్లటి ఇంజన్ సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుందో, మొండికేస్తుందో మీ చెవులతో వినాలి. స్టార్టయ్యాక ఆయిల్ పోసే మూత తీయండి. అందులోంచి పొగ బుస్సుమని కొడుతుంటే మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు. పిస్టన్ రింగులు అరిగాయి, బోరు పని దగ్గర్లో ఉంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలుతోంది. బండిని తోలి చూసేటప్పుడు ఖాళీగా తోలితే ఏమీ తెలియదు. నాలుగైదు బస్తాలో, నలుగురు మనుషుల బరువుకు సమానమైన సామానో వేసుకుని, ఒక ఎత్తు ఎక్కించి చూడండి. క్లచ్ జారుతుందో, హౌసింగ్ మూలుగుతుందో అక్కడ బయటపడుతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 బండ్లు వచ్చాయి. వాటిలో సెన్సర్లు, ఎలక్ట్రానిక్స్ ఎక్కువ. బండి కొనేముందు స్కానర్ ఉన్న మెకానిక్ చేత చూపించడం తప్పనిసరి. చెవితో విని చెప్పే పాత మేస్త్రి ఒక్కడే చాలడు.

ఈ ఏరియాలో ఇంకో జాగ్రత్త అవసరం. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన ఇక్కడివాళ్లు మరిచిపోలేరు. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి బెంగళూరు హైవే మీదికి వరద వచ్చింది, వాహనాలు కొట్టుకుపోయాయి. మైలార్‌దేవ్‌పల్లి వైపు పల్లె చెరువు కట్ట తెగింది. మనుషుల ప్రాణాలే పోయాయి, బండ్ల సంగతి తర్వాతి మాట. కానీ ప్రతి పెద్ద వరద తర్వాతా నీళ్లలో మునిగిన బండ్లు కడుక్కుని, ఆరబెట్టుకుని సంతకు వస్తాయి. సీటు జరిపే పట్టాల లోపల తుప్పు, డ్యాష్‌బోర్డు కింద వేలు పెడితే తగిలే సన్నటి బురద, ఫ్యూజు పెట్టెలో వైరు కొనల దగ్గర పేరుకున్న పచ్చటి పొడి, హెడ్‌లైటు లోపల నీటి గీత, వీటిని ఎవరూ పూర్తిగా తుడవలేరు. అలాంటి బండిలో వైరింగు పని ఎప్పటికీ తెమలదు.

ఇప్పుడు కాగితాలు. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇంజన్ చెడితే బాగు చేయించుకోవచ్చు, కాగితం చెడితే ఇల్లు పోతుంది.

నంబరు ప్లేటుతో మొదలుపెట్టండి. తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ తర్వాత రిజిస్టరైన బండ్లకు టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ వచ్చింది. మన జిల్లాల పాత ఏపీ నంబరు ఉంటే ఆ బండి 2014 జూన్ కంటే ముందుది. ఏపీ 39 ఉంటే మాత్రం అది 2019లోనో ఆ తర్వాతో పక్క రాష్ట్రంలో రిజిస్టరైనది. దానికి అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, తేవాలి. ఇక్కడ ట్యాక్స్ కట్టాలి. ధరలో తేడా చూసి మురిసిపోయే ముందు ఈ ఖర్చు కలుపుకోండి. సరుకు రవాణా బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి ఫిట్‌నెస్, ఆ తర్వాత ఏటేటా. ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో చూడకుండా బేరం కుదుర్చుకోకండి. బండి మొత్తం బరువు లోడుతో కలిపి 3,000 కిలోలు దాటకపోతే పర్మిట్ అక్కర్లేదని చట్టంలోనే ఉంది. కాబట్టి ఇలాంటి బండికి పర్మిట్ ఖర్చు పేరుతో ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వనవసరం లేదు.

ఆర్‌సీలో ఫైనాన్సు సంస్థ పేరుంటే, అప్పు తీరిందన్న నోటిమాట చాలదు. వాళ్ల ఎన్‌ఓసీ, ఫారం 35 రెండూ చేతికి రావాలి. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద చెక్కినవి, ఆర్‌సీలోవి అక్షరం అక్షరం సరిపోల్చండి. చలాన్లు బండి నంబరు కొడితే ఆన్‌లైన్‌లో కనబడతాయి. సీజింగ్ బండి అయితే ఇంకా జాగ్రత్త. కిస్తీలు కట్టలేక ఫైనాన్సు వాళ్లు పట్టుకెళ్లిన బండిని వేలంలో తీసుకున్నప్పుడు, ఆ సంస్థ ముందు ఆర్‌సీని తన పేరున తెచ్చుకునే పద్ధతి చట్టంలో ఉంది. యార్డు రసీదు ఒక్కటే పట్టుకుని బండి తోలుకొచ్చి, తర్వాత ఆర్టీఏ చుట్టూ తిరిగినవాళ్లను చూశాను. అందులో ఒకాయన ఆరు నెలల కిరాయి పోగొట్టుకున్నాడు, కిస్తీ మాత్రం ఆగలేదు.

అన్నిటికంటే పెద్ద జబ్బు ఓపెన్ ఫారాలు. అమ్మేవాడు ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, కొనేవాడి పేరు ఖాళీగా వదిలేస్తాడు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒక అగ్రిమెంటు. ఆ ఖాళీ ఫారాలతోనే బండి రెండో చేతికి, మూడో చేతికి పోతుంది. ట్రాన్స్‌ఫర్ ఖర్చు మిగిలిందని అందరికీ సంతోషం. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. ఒకే రాష్ట్రంలో జరిగే అమ్మకం గడువు ఇది. దీన్ని ఎవరూ పట్టించుకోరు, ప్రమాదం జరిగేదాకా.

2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది. ఒక కారు అమ్ముడుపోయి, చేతులు మారి, మారి, చివరి మనిషి దగ్గర ఉండగా వెనక్కి తీస్తుంటే ఒక పిల్లవాడు చనిపోయాడు. మొదటి ఓనరు, తాను ఎప్పుడో అమ్మేశానన్నాడు. ఆర్టీఏ రికార్డులో ఎవరి పేరుందో చట్టం దృష్టిలో ఆయనే ఓనరు, పరిహారం బాధ్యత ఆయనదే అని కోర్టు తేల్చింది. అమ్మేసిన మనిషి ఇంటికి నోటీసు వస్తుంది. కొన్నవాడి పరిస్థితి కూడా బాగుండదు. బండి తన దగ్గరుంది, డబ్బు తనది, పేరు తనది కాదు. బండి దొంగలు ఎత్తుకెళితే బీమా అడిగే హక్కు కూడా గట్టిగా నిలవదు. పాత ఓనరు చనిపోతే వాళ్ల వారసుల సంతకాల కోసం తిరగాలి.

అందుకని నేను డ్రైవర్లకు చెప్పేది ఒకటే. బాకీ డబ్బు ఆర్టీఏ ఆఫీసు దగ్గరే ఇవ్వండి. అమ్మేవాడు, మీరు ఇద్దరూ వెళ్లి ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు పెట్టి, రసీదు చేతికి వచ్చాకే ఇవ్వండి. యార్డు దగ్గర కొంటుంటే ఆ డీలరుకు అధికారిక గుర్తింపు ఉందా అని అడగండి. 2023 ఏప్రిల్ నుంచి పాత వాహనాల డీలర్లకు ఆర్టీఏ గుర్తింపు పద్ధతి వచ్చింది. ఓనరు బండిని అలాంటి డీలరుకు అప్పగిస్తే ఆ సంగతి ఆర్టీఏ రికార్డుకు ఎక్కుతుంది. బీమా కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా బండితో పాటే వస్తుంది కానీ, మీ బండికి జరిగే నష్టానికి పాలసీలో మీ పేరు ఉండాలి.

డబ్బు దగ్గర కూడా ఒక మాట. ఫైనాన్సరు "రూపాయి వడ్డీయే అన్నా" అంటాడు. మూడు లక్షలు, మూడేళ్లు, నూటికి నెలకు రూపాయి. వడ్డీ లక్షా ఎనిమిది వేలు, నెల కిస్తీ 11,333 రూపాయలు. వినడానికి బాగానే ఉంది. కానీ మీరు నెలనెలా అసలు కూడా తీరుస్తున్నారు కదా? తీరిపోయిన అసలుకు కూడా చివరిదాకా వడ్డీ వసూలవుతోంది. అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గే లెక్కలో చూస్తే ఇది రూపాయి ముప్పావలా వడ్డీ, ఏడాదికి నూటికి 21 పైనే. బ్యాంకు చెప్పే రేటుతో పోల్చేటప్పుడు ఈ లెక్క వేసుకోండి. ఇంకో సంగతి, 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. అంతకు ముందు జూన్‌లో వచ్చిన ఏస్ ప్రో పెట్రోలు బండి మొదటి ధరే 3 లక్షల 99 వేలు. కొత్తవాటి ధర దిగినప్పుడు పాతవాటి ధర దిగాలి. మూడేళ్ల వయసున్న పాత బండికి మూడున్నర లక్షలు అడుగుతుంటే, మర్యాదగా నమస్కారం పెట్టి షోరూంకు వెళ్లండి.

చేతిలో ఉన్న డబ్బంతా బండి ధరకే పెట్టకండి. నాలుగు టైర్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేటు, ఒక విడత ఫిట్‌నెస్ పని, వీటికి సరిపడా విడిగా ఉంచుకున్నాకే బేరానికి దిగాలి. పాత బండి ఇవి మొదటి ఆరు నెలల్లోనే అడుగుతుంది.

డ్రైవర్లకు ఊరటనిచ్చే సంగతి కూడా చెప్పాలి. కారు తోలే ఎల్‌ఎంవీ లైసెన్సు ఉంటే, మొత్తం బరువు 7,500 కిలోల లోపు రవాణా బండిని వేరే అనుమతి లేకుండా తోలొచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. లైసెన్సులో ఆ అనుమతి లేదన్న సాకుతో బీమా సొమ్ము ఎగ్గొట్టే దారి మూసుకుపోయింది. కానీ తొట్టిలో మనుషులను ఎక్కిస్తే ఏ తీర్పూ కాపాడదు. డ్రైవరుకు, ఓనరు పెట్టుకున్న పనివాళ్లకు, సరుకు యజమానికి లేదా ఆయన తరఫు మనిషికి బీమా ఉంటుంది. పెళ్లివాళ్లకు, జాతరకు పోయేవాళ్లకు, పొలం కూలీలకు ఉండదు. మన రాష్ట్రంలో అలాంటి బండ్లు బోల్తాపడి కుటుంబాలకు కుటుంబాలు పోయిన వార్తలు మీరు విన్నవే. ఆదివారం ఒక్క కిరాయి కోసం దానికి ఒప్పుకోకండి. "వేరే బండి దొరకదు అన్నా" అని బతిమాలినా ఒప్పుకోకండి.

చివరగా నాలాగా గేటు దగ్గర కూర్చుని సరుకు పంపేవాళ్లకు, యూనిట్ల యజమానులకు ఒక విన్నపం. డ్రైవరు ఎక్కువ లోడు ఎందుకు వేసుకుంటాడు? 30 బస్తాల కిరాయి ఇచ్చి 60 బస్తాలు ఎక్కించేది మనమే. వద్దంటే "నువ్వు కాకపోతే ఇంకొకడు" అనేది మనమే. కిస్తీ తేదీ దగ్గర పడ్డవాడు కాదనలేడు. ఇన్‌వాయిస్‌లో బరువు ఉంటుంది, కాటా చీటీ ఉంటుంది, బండి తలుపు మీద మోయగల బరువు రాసి ఉంటుంది. మూడూ చూసి, మించుతుంటే రెండో బండిని పిలవండి. అడ్డా మీద అది ఖాళీగానే నిలబడి ఉంటుంది.